రాణి ముక్కు, అమ్మ జొన్నలు

కడప,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ సుబ్బూ,

మూడు నెలలుగా నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నానని నీకు కోపంగా ఉందని తెలుసు. అసలు సంగతేమంటే, నువ్వు పూణే పోతూ నా నెత్తిన పెట్టిపోయిన నీ పిల్లి రాణికి జబ్బు చేసింది. చెబితే నువ్వక్కడ అన్నం మానేస్తావని దాచాను. ఇప్పుడు పర్లేదు, కాబట్టి తిట్టుకో.

సంక్రాంతి పోయిన వారానికి తుమ్ములు మొదలయ్యాయి. జలుబేలే అనుకున్నా. ఒక ముక్కులోంచే చీమిడి, అందులో సన్నటి నెత్తుటి జీర. ఇక్కడ ఒక పశువుల డాక్టరుకు చూపిస్తే యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు వేశాడు, తగ్గలేదు. తర్వాత స్టెరాయిడ్ వేస్తే రెండు రోజులు బాగానే ఉండి, ఆ తర్వాత ముక్కుదూలం మీద రేగిపండంత గడ్డ లేచింది. మొహమే మారిపోయింది రా, ఎవరో గుద్దినట్టు.

ఇక లాభం లేదని తెల్లవారుజామున మొదటి బస్సుకు తిరుపతి పశువైద్య కళాశాలకు బయల్దేరా. కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి పైన తువ్వాలు కప్పాను. రాజంపేట దాటేదాకా కిక్కురుమనలేదు, కోడూరు దగ్గర ఒక్కసారి అరిచింది. కండక్టర్ బుట్ట వైపు చూసి, "దీనికీ టికెట్ కొడతామా అన్నా?" అన్నాడు.

అక్కడి డాక్టరమ్మ గడ్డలోంచి సన్న సూదితో కాస్త రసం తీసి, గాజు పలక మీద ఇండియా ఇంక్ అనే నల్ల సిరా చుక్కతో కలిపింది. నన్నూ మైక్రోస్కోప్‌లో చూడమంది. అంతా కటిక చీకటి. మధ్యలో గుండ్రటి గింజలు, ఒక్కో గింజ చుట్టూ తెల్లటి వెలుగు. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టుంది. ఆ గింజలే ఈ రోగం తెచ్చే బూజు. దాని ఒంటి చుట్టూ జిగురు తొడుగు ఉంటుందట, సిరా దాంట్లోకి దూరలేదు కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. పేరు క్రిప్టోకాకస్. కుక్కలకూ, అమెరికా వాళ్లు పెంచుకునే ముంగిసలాంటి ఫెర్రెట్లకూ కూడా రావచ్చట. దీనికి యాంటీబయోటిక్ పనిచేయదు. పైగా స్టెరాయిడ్ ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని కూడా తగ్గించి దానికి దారి ఇచ్చింది.

"ఇంటి దగ్గర పావురాలున్నాయా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. అమ్మ డాబా మీద రోజూ దోసెడు జొన్నలు చల్లుతుంది కదా! ఎండిన రెట్టలో ఈ బూజు బాగా పెరుగుతుంది, దుమ్ముతో పాటు ముక్కులోకి పోతుంది. పావురాల ఒంటి వేడి మనకన్నా ఎక్కువ కాబట్టి వాటికి మాత్రం పెద్దగా ఏమీ కాదు. రాణికి వేటంతా ఆ పిట్టగోడ మీదే. అమ్మకు షుగర్ కదా, నాకు అదో టెన్షన్. పిల్లి నుంచి మనుషులకు అంటదనీ, భయమంతా ఆ దుమ్ముతోనేననీ డాక్టరమ్మ చెప్పాక ఊపిరి పీల్చుకున్నా.

మందు, బూజు రోగాలకు మనం వాడే ఫ్లూకోనజోలే. రాణికి 50 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు రాసింది. నెలల తరబడి వేయాలి. గడ్డ పోయింది కదా అని ఆపితే మళ్లీ లేస్తుందట. మధ్యమధ్యలో లివర్ పరీక్ష కూడా ఉంటుంది.

మాత్ర మింగించడం ఒక యుద్ధం. ఉడికించిన కోడిముక్కలో దాస్తే కోడి తిని, మాత్రను బండ మీద టప్పుమని ఉమ్ముతుంది. మింగినట్టు గుటక వేసి, నేను మురిసిపోయి లేచాక బుగ్గలోంచి తీసిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు తువ్వాల్లో చుట్టి, నాలుక వెనక పెట్టి, గొంతులో ఇరుక్కోకుండా సిరంజితో కాసిని నీళ్లు పోస్తున్నా. నా ముంజేతులు చూస్తే ముళ్లకంపలో పడ్డాననుకుంటావు. ఆరో వారానికి గడ్డ శనగగింజంత అయింది. ఇప్పుడు తడిమితేనే తెలుస్తుంది.

డాబా నేనే కడిగా. పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుందని ముందు రెట్టంతా బాగా నానబెట్టి, మాస్క్ కట్టుకుని గీకాను. గింజలు ఆపమ్మా అంటే అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూగజీవాల నోటి దగ్గర కూడు తీయమంటావా అంది. ఏం చెప్పేది?

ఈ పొద్దున చూస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వీధి చివర వేపచెట్టు కింద చల్లుతోంది. రాణి కిటికీలో కూర్చుని ఆ పావురాలనే చూస్తూ పళ్లు టకటకలాడిస్తోంది.

ఉగాదికి ఎలాగూ రాలేదు, ఎండాకాలం సెలవులకైనా రా. ఒక పూట మాత్ర నువ్వు వేద్దువుగాని.

నీ,
రెడ్డెప్ప