టిప్పర్ దిగకముందే

మల్కాజిగిరి,
హైదరాబాద్.

చిరంజీవి శ్రీకాంత్‌కు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ నాన్న, చిన్నత్త క్షేమం. నువ్వూ, స్వాతీ, బన్నీ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. నువ్వు ఫోన్ చేసి ఈ రోజుకు పదహారు రోజులైంది. ఇంటి పనుల ఒత్తిడిలో ఉన్నావని తెలుసు కనుక దాని గురించి అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీ వాకిలి పని గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాలనిపించింది, అంతే.

మొన్న శనివారం సంతోష్ మామయ్య వచ్చాడు. ఇంటి ముందు బాటకూ, లాన్‌కూ, బన్నీ ఆడుకునే ఇసుక గుంటకూ అన్నింటికీ కలిపి మీరు ఒకే టిప్పర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు రాలే రాతిపొడి) మాట్లాడుకున్నారని, ధర కూడా చాలా తగ్గించి ఇస్తున్నారని చెప్పాడు. ఆయన విన్నది పొరపాటు కావచ్చు. గుంట సంగతి తరువాత చెబుతాను, ముందు బాట సంగతి చూద్దాం.

పేవర్ బ్లాకుల కింద పరిచే ఇసుక దొడ్డుగా, మట్టి లేకుండా ఉండాలి. కుదించాక 25 నుండి 40 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. అంతకు మించి పోస్తే కింది నేలలోని ఎత్తుపల్లాలను ఆ ఇసుకతోనే సర్దేస్తారు, ఆ తరువాత నీ కారు చక్రాలు నిలిచే చోట బ్లాకులు కుంగిపోతాయి. డస్ట్ పరిస్తే పని తొందరగా సాగుతుంది, పరిచిన రోజు చదునుగా కనిపిస్తుంది. కానీ ఆ సన్న పొడి వాన నీటిని కిందికి దిగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. బ్లాకుల సందుల్లోకి మాత్రం ఎండబెట్టిన సన్న ఇసుకను చీపురుతో ఊడ్చి నింపించాలి, తడి ఇసుక సందుల్లోకి దిగదు. వీటన్నిటికంటే ముఖ్యం, మీది చేవెళ్ల వైపు నల్లరేగడి నేల. వానకు ఉబ్బి ఎండకు పగిలే ఆ మట్టిని ఒక అడుగైనా తీయించి, మొరం పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పించకుండా పైన ఎంత మంచి ఇసుక పోసినా ప్రయోజనం ఉండదు.

లాన్‌కు కూడా డస్ట్ పనికిరాదు. నల్లమట్టిలో నాలుగు గంపల ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది అంటారు, అది నిజం కాదు. ఇసుక రేణువుల సందుల్లో జిగట మట్టి కూరుకుపోయి ఎండాకాలానికి ఇటుకలా బిగుసుకుంటుంది. దాని బదులు పైన ఆరు అంగుళాల ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు, కొంత దొడ్డు ఇసుక కలిపి పరిపించు. గడ్డి వేళ్లకు అది చాలు.

రోబో ఇసుక మంచిది కాదని నేను చెప్పడం లేదు. డస్ట్ వేరు, రోబో ఇసుక వేరు, మేస్త్రీలు రెండింటినీ కలిపి మాట్లాడతారు. గ్రానైట్‌ను కంకరగా పగలగొట్టేటప్పుడు అడుగున రాలిపోయే పొడి డస్ట్. ఇసుక కోసమే యంత్రంలో నలగ్గొట్టి, జల్లించి, శ్రద్ధ ఉన్న చోట కడిగి అమ్మేది రోబో ఇసుక. ఇసుక, కంకరల నాణ్యతకు పెట్టిన ఐఎస్ 383 అనే భారతీయ ప్రమాణం ప్రకారం 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నని పొడి సహజమైన ఇసుకలో బరువు లెక్కన వందకు 3 పాళ్లు మించకూడదు, రాతిని నలగ్గొట్టి చేసిన ఇసుకలో 15 పాళ్ల వరకు ఉండవచ్చు. ఆ లెక్క కాంక్రీటు కోసం పెట్టింది. పిల్లలు కూర్చుని పిడికిళ్లతో ఎగరేసుకునే చోటికి ఆ లెక్క పనికిరాదు, పైగా రాతి ఇసుక రేణువులు మొనదేలి ఉంటాయి కాబట్టి మోకాళ్లు గీసుకుపోతాయి.

ఇసుక కొనేటప్పుడు అరచేతుల్లో రుద్ది చూసుకోకపోతే ఏమవుతుందో మన ఇంట్లోనే జరిగింది. నీకు అప్పుడు మూడేళ్లు, జ్ఞాపకం ఉండదు. 1994లో ఈ ఇల్లు కట్టేటప్పుడు వాకిట్లో షాబాదు బండలు వేయించాలనుకున్నాం. గృహప్రవేశానికి వారం రోజులే ఉంది. ఒక ట్రాక్టర్ అతను తెల్లవారుజామున వచ్చి, మంజీర ఇసుక అని చెప్పి, మిగిలినవాళ్లు చెప్పిన ధరలో సగానికే దింపిపోయాడు. ఇసుక నీళ్లు కారుతూ ఉంది. మీ నానమ్మ గుప్పెడు తీసుకుని రెండు అరచేతుల మధ్య రుద్ది, చేతులు నాకు చూపించింది. గీతల్లో ఎర్రగా మట్టి అంటుకుని ఉంది. "ఇది ఇసుక కాదు బిడ్డా" అంది. రోజూ బడిలో పిల్లలకు సామాన్య శాస్త్రం చెప్పే నేను ఆ చేతులు చూసి కూడా ముహూర్తం తొందరలో మాట్లాడకుండా ఊరుకున్నాను. ఆగస్టు వానలకు కొళాయి దగ్గరి బండలు కదలడం మొదలైంది, అడుగు వేస్తే సందుల్లోంచి ఎర్రనీళ్లు చిమ్మేవి. దసరాకు ముందు, బతుకమ్మ పేర్చడానికి తంగేడు పూల తట్టతో వస్తూ నానమ్మ ఆ కదిలే బండ మీదే జారి పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది, ఆ ఏడు బతుకమ్మ పేర్చలేకపోయింది, అయినా నన్ను ఒక్క మాట అనలేదు. తరువాత బండలు లేపించి, కింది ఇసుకను బడిలోని కొలజాడీలో (కొలత గీతలున్న గాజు జాడీ) వేసి, ఉప్పు కలిపిన నీళ్లు పోసి, గట్టిగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచాను. అడుగున ఇసుక, దాని మీద నునుపుగా ఎర్రటి పొర. జాడీలో పొరల ఎత్తు లెక్కన వందకు 8 పాళ్లు మించకూడని మట్టి అందులో 30 పాళ్లకు పైగా ఉంది. మట్టిని కడిగి జల్లించి ఇసుకని చెప్పి అమ్మారు. అప్పుడు మార్పించిన ఇసుక మీద వేసిన బండలే ఇప్పటికీ ఉన్నాయి, నువ్వు సైకిల్ నేర్చుకున్నది వాటి మీదే.

అందుకని ఏ ఇసుక అయినా దింపించకముందే చూడు. తడి ఇసుకను కొలత లెక్కన కొనవద్దు. కొంచెం తేమ తగిలితే ఇసుక ఉబ్బి నూటికి ఇరవై, ముప్పై పాళ్లు ఎక్కువగా కనిపిస్తుంది. బరువు లెక్కన కొంటే ఆ నీళ్లకు కూడా డబ్బు కట్టినట్టే. నది ఇసుకను రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఆన్‌లైన్‌లో అమ్ముతోంది, రాత్రిపూట వచ్చే బండ్ల జోలికి పోకు. అసలు మీకు టిప్పర్ నిండా అవసరమే లేదు. బాట 60 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అని స్వాతి చెప్పినట్టు జ్ఞాపకం. దాని కిందికి 40 ఘనపుటడుగుల ఇసుక చాలు. గుంట 6 అడుగులు, 5 అడుగులు, ఒక అడుగు లోతు అనుకుంటే 30 ఘనపుటడుగులు. ఒక్క యూనిట్, అంటే 100 ఘనపుటడుగులు, తెప్పిస్తే మిగిలింది లాన్‌కు సరిపోతుంది.

ఇక గుంట. డస్ట్ వచ్చే ఈ గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం ఉంటుంది, దాని సన్నని ధూళి ఊపిరితిత్తుల లోపలి దాకా వెళుతుంది. క్వార్ట్జ్ ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 1997లోనే ప్రకటించింది. అది ఏళ్ల తరబడి క్రషర్ల దగ్గర పనిచేసి సిలికోసిస్‌తో, అంటే ఆ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో, బాధపడేవారి సంగతి, దాన్ని నీ ఇంటి వాకిట్లోకి తెచ్చి నిన్ను భయపెట్టాలని కాదు. కానీ పోయిన పుష్యమాసంలో బన్నీకి ఆయాసం వచ్చి, రాత్రి రెండు గంటలకు నెబ్యులైజర్ పెట్టి నేను ఒడిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లవాడు ఎండిన డస్ట్‌లో చేతులు ఆడించే దృశ్యం నా కళ్ల ముందు నుండి పోవడం లేదు. నది ఇసుకలోనూ క్వార్ట్జే ఉంటుంది, కానీ కడిగిన దొడ్డు రేణువులు గాలిలో తేలవు, నీళ్లలో దొర్లి దొర్లి గుండ్రబడి ఉంటాయి. అందుకే వాడికి కడిగిన నది ఇసుకే కావాలి. బాటకు నీ ఇష్టం, లాన్‌కు నీ ఇష్టం, దీనికి మాత్రం నా మాట విను.

ఇంకొకటి, నల్లరేగడిలో గుంట తవ్వితే వాన నీళ్లు ఇంకవు, దోమలు చేరతాయి. నేల మీదే ఒకటిన్నర అడుగుల ఎత్తున ఇటుకలు పేర్పించి, అడుగున నాలుగు అంగుళాల కంకర, దాని మీద నీళ్లు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ పైన ఇసుక పోయించు. ఇటుకల అడుగున నీళ్లు పోయే దారి రెండు చోట్ల వదిలించు. రాత్రి తప్పకుండా మూత వేయాలి, పిల్లులు వస్తాయి. వాడు ఆడి వచ్చాక చేతులు సబ్బుతో కడిగించు, కళ్లు నలుపుకోనివ్వకు. పొద్దున పూట టోపీ లేకుండా బయటికి పంపకు.

టిప్పర్ ఇప్పటికే దిగి ఉంటే దాని మీద టార్పాలిన్ కప్పించి, బన్నీని అటు వెళ్లనివ్వకు. ఆదివారం వచ్చేటప్పుడు మూత ఉన్న సీసాలో రెండు గుప్పెళ్లు పట్టుకురా. కొలజాడీ పైఅరలో ఉంది, కడిగి పెడతాను. స్వాతికి ఇష్టమని సర్వపిండి చేస్తాను, భోజనానికే రండి. ఈ ఉత్తరం అందగానే ఒక్క ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
అమ్మ