పంపు కన్నా ముందు పైపు చూడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటి దగ్గరే ఇంజిన్ ఆయిల్ మార్చుకోవడం గురించి మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. బండి కిందకు దూరి డ్రెయిన్ బోల్టు విప్పే పని లేకుండా, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) పెట్టే గొట్టంలోంచే పాత ఆయిల్‌ను పంపుతో లాగేయవచ్చని అందులో రాశారు. మంచి మాటే. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు మనిషి వెళ్లడం ఎంత ప్రమాదమో తెలిసినవాణ్ని కాబట్టి ఆ పద్ధతి నాకూ నచ్చింది. అయితే పంపు ఎలా ఎంచుకోవాలన్న దగ్గర ఆ వ్యాసం ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నిమిషానికి ఎన్ని లీటర్లు లాగుతుందో చూసి, ఎక్కువ లాగేది కొనుక్కోమంది. పైపుల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఫ్యాక్టరీలో పంపుల మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. ఆ సలహా నమ్మి కొన్నవాళ్ల డబ్బు వృథా అవుతుందన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

పంపు ఆయిల్‌ను లాగుతుందని అంటాం గానీ, నిజానికి అది చేసేది పైపు లోపల ఒత్తిడి తగ్గించడం. ఆయిల్‌ను పైపులోకి తోసేది బయటి గాలి ఒత్తిడి. ఒత్తిడిని కొలిచే బార్ లెక్కలో, సముద్ర మట్టం దగ్గర అది సుమారు 1 బార్. ఎంత పెద్ద మోటారు తగిలించినా లాగే వైపు అంతకు మించిన బలం దొరకదు. మంచి చేతి పంపే పైపు లోపలి ఒత్తిడిని 0.8 బార్ దాకా తగ్గిస్తుంది, ఆ తగ్గుదలనే వ్యాక్యూమ్ అంటాం. అంటే ఖరీదైన కరెంటు పంపు కొన్నా, ఈ విషయంలో చేతి పంపు కన్నా పెద్దగా ముందుకు పోయేది ఏమీ లేదు.

మరి పని ఎక్కడ ఆగుతుంది? పైపులో. సన్నని పైపులో చిక్కని ద్రవం నిమిషానికి ఎంత పోతుందన్నది పైపు లోపలి వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. లోపలి వ్యాసం సగమైతే ప్రవాహం సగం కాదు, 16వ వంతుకు పడిపోతుంది. పొడవు రెట్టింపైతే మాత్రం ప్రవాహం సగమే అవుతుంది. ఈ రెండు సంగతులు తెలిస్తే కొనేటప్పుడు చూపు ముందు పంపు డబ్బా మీదకు పోదు.

ఒక లెక్క చూడండి. 15డబ్ల్యు-40 రకం ఇంజిన్ ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్), 100 డిగ్రీల దగ్గర 14, 15 మాత్రమే. లోపల 4 మిల్లీమీటర్లున్న పైపు, మీటరున్నర పొడవు, 0.8 బార్ వ్యాక్యూమ్ అనుకుందాం. 40 డిగ్రీల ఆయిల్ నిమిషానికి పావు లీటరు కూడా రాదు. నాలుగు లీటర్లు తీయడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. అదే ఆయిల్ 70 డిగ్రీల దగ్గరుంటే మూడు రెట్లు వేగంగా వస్తుంది. పంపు డబ్బా మీద నిమిషానికి నాలుగు లీటర్లని రాసి ఉన్నా, ఎనిమిదని రాసి ఉన్నా ఈ లెక్క మారదు. ఆ అంకె ఏ ద్రవంతో, ఎంత వేడిలో, ఏ పైపు పెట్టి కొలిచారో డబ్బా మీద సాధారణంగా ఉండదు.

మా తోడల్లుడు ఇలాగే అంకె చూసి ఒక 12 వోల్టుల పంపు తెచ్చుకున్నాడు. నన్ను పిలిచి చూపించినప్పుడు పైపులో ఆయిల్ అంగుళం అంగుళం పాకుతోంది, మోటారేమో చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. పంపుతో వచ్చిన సన్న పైపు బయటి వ్యాసం 6 మిల్లీమీటర్లు. కొసను కాస్త కోసి చూస్తే గోడ మందమే మిల్లీమీటరున్నర, లోపల మిగిలింది 3 మిల్లీమీటర్లు. అదే 6 మిల్లీమీటర్ల పైపుకు గోడ ఒక మిల్లీమీటరే ఉంటే లోపల 4 మిల్లీమీటర్లు దొరుకుతుంది, ఆయిల్ మూడు రెట్లకు పైగా వస్తుంది. ఈ పైపులను ఎక్కువగా బయటి కొలతతోనే అమ్ముతారు. లోపలి కొలత అడిగి తీసుకోవాలి.

డిప్‌స్టిక్ గొట్టంలో పట్టాలి కాబట్టి సన్న పైపు తప్పదు కదా అని మీకు అనిపించవచ్చు. సన్నది ఉండాల్సింది ఆ గొట్టం లోపల ఉన్నంత మేరకే. డిప్‌స్టిక్ బయటికి తీసి దాని పొడవు కొలుచుకుని, అంతకు ఒక జానెడు ఎక్కువ సన్న పైపు తీసుకుంటే చాలు. అక్కడి నుంచి పంపు దాకా లోపల 8 లేదా 10 మిల్లీమీటర్లున్న పైపు వేసుకోవచ్చు. మీటరున్నర సన్న పైపును ముప్పావు మీటరుకు కుదిస్తే ప్రవాహం దాదాపు రెట్టింపవుతుంది. పంపు మార్చకుండానే ఇంత తేడా వస్తుంది.

ఇక పైపు దేంతో చేసిందన్నది చూడాలి. అద్దంలా కనిపించే మామూలు పీవీసీ పైపు చవక, లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది, అందుకే అందరి చెయ్యీ దాని మీదకే పోతుంది. కానీ అది 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. మెత్తబడ్డ పైపును లోపలి నుంచి వ్యాక్యూమ్ లాగితే చప్పిడైపోయి దారి మూసుకుంటుంది. పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది, ఏమైందో అర్థం కాక మనకు టెన్షన్. సిలికాన్ పైపు వేడికి బాగా ఆగుతుంది గానీ నూనెలో నాని ఉబ్బుతుంది, లాగే వైపు అది కూడా నొక్కుకుపోయే రకమే. సహజ రబ్బరు సంగతి చెప్పనే అక్కర్లేదు, మినరల్ ఆయిల్, అంటే ముడిచమురు నుంచి తీసిన ఆయిల్, దాన్ని తినేస్తుంది. గొట్టంలోకి దించే సన్న పైపుకు నైలాన్ గానీ టెఫ్లాన్ గానీ సరిపోతుంది. టెఫ్లాన్ 260 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, జారుడుగా లోపలికి పోతుంది, కాకపోతే ఒకసారి మడత పడితే ఆ మడత పోదు. లావు పైపుకు నైట్రైల్ రబ్బరు (నూనెకు తట్టుకునే రబ్బరు) లోపొర ఉన్న మందపాటి ఇంధన పైపు మంచిది. పంపు నుంచి డబ్బాలోకి పోయే పైపు మీద ఇంత పట్టింపు అక్కర్లేదు, అక్కడ నొక్కుకుపోయే బాధ లేదు.

లాగే వైపు పైపు కొన్నాక ఒక పరీక్ష చెయ్యండి. ఒక ముక్కను బాగా వేడి నీళ్లలో, అంటే 80 డిగ్రీల పైన ఉన్నదాంట్లో, రెండు మూడు నిమిషాలు ఉంచండి. శ్రావణంతో బయటికి తీసి, ఒక కొసను పంపుకు తగిలించి రెండో కొసను గట్టిగా మూసి పంపు కొట్టండి. గుండ్రంగా నిలబడితే అది మీ పైపు. చప్పిడైతే దాన్ని మొక్కలకు నీళ్లు పట్టడానికి వాడుకోండి.

సన్న పైపు గురించి గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇంజిన్ లోపలికి దిగే భాగంలో అతుకు అనేదే ఉండకూడదు. టేపు చుట్టి పొడిగించడం, లోపలికి వెళ్లే కొసకు ఏదో ముక్క గుచ్చడం వద్దు. అది ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, అంటే ఆయిల్ ప్యాన్‌లో, ఊడిపోతే తర్వాత ప్యాన్ విప్పి తీయాల్సిందే. పాతబడి పెళుసెక్కిన పైపునూ అందుకే వాడకూడదు. కొసను ఏటవాలుగా కోస్తే ప్యాన్ అడుగుకు అతుక్కుని నోరు మూసుకోదు. డిప్‌స్టిక్ పొడవు ఎంతో పైపు మీద గుర్తు పెట్టుకుని, అడుగు తగిలేదాకా దించి, ఒక్క పిసరు పైకి లాగండి.

పంపు మాటకొస్తే, ఇంటి వాడకానికి నా ఓటు వ్యాక్యూమ్ ట్యాంకు రకానికి. ముందు ట్యాంకులో గాలి తీసేస్తాం, ఆయిల్ నేరుగా ట్యాంకులోకి వచ్చి పడుతుంది. ఆయిల్‌లో మసి ఉన్నా, ఇసుక రవ్వలాంటిది ఏదైనా ఉన్నా పంపు లోపలికి పోదు కాబట్టి అరిగేది ఏమీ లేదు. ట్యాంకు మాత్రం ఇంజిన్‌లో పట్టే ఆయిల్ కన్నా పెద్దది ఉండాలి, నిండితే దానంతట అదే ఆపే ఫ్లోట్ ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో ఉన్న గాజు సీసాలతో, పల్చటి ప్లాస్టిక్ డబ్బాలతో ఇలాంటి ట్యాంకు తయారు చేసుకోవాలని మాత్రం చూడకండి. వ్యాక్యూమ్‌కు ప్లాస్టిక్ డబ్బా నలిగిపోతుంది, గాజు సీసా పగిలి ముక్కలు ఎగురుతాయి.

కరెంటు పంపే కావాలనుకుంటే పళ్ల చక్రాలతో నడిచే గేర్ పంపు తీసుకోండి. చిక్కటి ఆయిల్‌కు అది నిలబడుతుంది. రబ్బరు రెక్కల ఇంపెల్లర్ పంపైతే ఆ రెక్కలు నైట్రైల్‌వేనా అని అడగండి, ఆయిల్ లేకుండా ఉత్తినే తిప్పకండి, నిమిషాల్లో కాలిపోతాయి. నీళ్లకు వాడే సెంట్రిఫ్యూగల్ పంపు దీనికి పనికిరాదు. 60 వాట్ల చిన్న పంపు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది, దానికి తగ్గ వైరు, ఫ్యూజు ఉండాలి. ఎంతసేపు ఆపకుండా నడపవచ్చో దాని కాగితంలో చదివి, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. ఈ మోటార్లలో బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి కాబట్టి పెట్రోలు లాగడానికి వాటిని వాడనే కూడదు. బ్రేక్ ఆయిల్ తీయడానికి కూడా అదే పంపు, అవే పైపులు వద్దు. మినరల్ ఆయిల్ చుక్క బ్రేకుల్లోకి పోతే అక్కడి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఆయిల్ రావడం లేదని పంపును తిట్టే ముందు జాయింట్లు చూడండి. లాగే వైపు లీకుంటే బయటికి చుక్క కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. మధ్యలో ఒక జానెడు పారదర్శకమైన నైలాన్ ముక్క వేసుకుంటే ఇది కళ్లకు కనిపిస్తుంది. సన్నని బుడగలు ఆగకుండా వరసగా వస్తుంటే ఏదో క్లాంపు వదులుగా ఉన్నట్టు. మొదట ఆయిల్ నిండుగా వచ్చి, తర్వాత కాస్త ఆయిల్, కాస్త గాలి మార్చి మార్చి వస్తే అడుగుకు చేరినట్టు. అప్పుడు పైపును కొంచెం తిప్పి, జరిపి మళ్లీ లాగాలి.

ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, ఆయిల్ కిందకు దిగేదాకా పది నిమిషాలు ఆగి మొదలుపెడితే వేడి సరిగ్గా సరిపోతుంది. దూరం నుంచి వచ్చీ రాగానే మొదలుపెడితే ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉంటుంది, పైపు జారితే చెయ్యి కాలుతుంది. ఏ వేడిలోనైనా నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, పాత ఆయిల్ పదే పదే ఒంటికి తగలడం చర్మానికి మంచిది కాదు.

ఇది అన్ని ఇంజిన్లకూ కుదిరే పద్ధతి కాదని కూడా ఆ వ్యాసంలో చెప్పి ఉండాల్సింది. కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు. కొన్నింట్లో గొట్టం వంపు తిరిగో, ప్యాన్ లోతైన చోటుకు దూరంగానో ఉండి పైపు అడుగుకు అందదు. మీ ఇంజిన్‌కు కుదురుతుందో లేదో తెలియాలంటే మొదటిసారి పంపుతో లాగాక డ్రెయిన్ బోల్టు కూడా విప్పించి ఎంత మిగిలిందో కొలవండి. అరగ్లాసు మిగిలితే బెంగ లేదు, లీటరు మిగిలితే ఆ ఇంజిన్‌కు బోల్టే దారి. ఇకపై ప్రతిసారీ లాగిన ఆయిల్‌ను కొలిచి మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చుకోవాలి. తీసిన ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి పాత ఆయిల్ సేకరించేవాళ్లకు ఇవ్వండి, కాలువలోనూ మట్టిలోనూ పోయకండి.

ఎడిటర్ గారూ, మీ వాహనాల పేజీ చదివి పనిముట్లు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇకపై ఏ ఆయిల్ పంపు గురించి రాసినా దాంతో వచ్చే పైపు లోపలి వ్యాసం, పొడవు, అది ఏ పదార్థం, ఎంత వేడికి ఆగుతుందన్న నాలుగు వివరాలు తప్పకుండా వేయించండి. తయారీదారులు మీకు లీటర్ల అంకె ఇచ్చినప్పుడు, అది ఏ చిక్కదనంలో కొలిచిందో అడిగి, జవాబు వస్తే వేయండి, రాకపోతే రాలేదని కూడా వేయండి.

ఇట్లు,
పంపుల ఫిట్టర్‌గా రిటైరైన మీ పాఠకుడు