ఫ్రేమ్‌వర్క్ ఎంపికలో గుమాస్తా ఊసేదీ?

సంపాదకులకు నమస్కారం.

‘ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంటే ఉద్యోగం త్వరగా వస్తుంది?’ అని మీ చదువుల పేజీలో పిల్లలు అడుగుతుంటారు. ఫ్రేమ్‌వర్క్ అంటే యాప్‌ను మొదటి నుంచి రాయకుండా కట్టుకోవడానికి ముందే తయారుగా ఉన్న కోడ్ చట్రం. తప్పేం లేదు, మా ఇంట్లోనూ ఇద్దరు అదే అడిగి నా ప్రాణం తీశారు. నేను బెంగళూరులో 14 ఏళ్లుగా టెస్టర్‌ని, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. ఆఫీసులో కొత్త ఫ్రేమ్‌వర్క్ ఎంచుకునేటప్పుడు ఎవరికేం కావాలో మొన్న కళ్లారా చూశాను కాబట్టి ఈ ఉత్తరం.

మారతహళ్లిలో మాదొక చిన్న కంపెనీ. టమాటా మండీల లెక్కలకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. మదనపల్లె, కోలారు వైపు మా కస్టమర్లు. పాత స్క్రీన్లన్నీ యాంగ్యులర్‌జేఎస్ అనే గూగుల్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసినవి. 2010లో వచ్చిన దానికి 2021 చివరితో గూగుల్ మద్దతు ఆపేసింది. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాం. ఇక కుదరదని మీటింగ్ పెట్టారు.

మా యజమానికి కావలసింది ఒక్కటే, వచ్చే సీజన్‌కల్లా కొత్త స్క్రీన్లు. హెచ్ఆర్ అమ్మాయి రియాక్ట్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ తప్ప వేరే మాట వద్దంది. ప్రకటన వేస్తే దానికే మనుషులు దొరుకుతారట. కుర్రాళ్లకు నిన్నగాక మొన్న వచ్చినది కావాలి. అది మాకోసం కాదు, వాళ్ల తరువాతి ఇంటర్వ్యూ కోసం అని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. భద్రత చూసే ఆయన మాత్రం, ఒక్క ఫ్రేమ్‌వర్క్ పెడితే దాని వెనక ఊరూపేరూ తెలియని ప్యాకేజీలు, అంటే ఎవరెవరో రాసిన కోడ్ ముక్కలు, ఎన్ని దిగుతాయో లెక్క చూపమన్నాడు. 2016 మార్చిలో అందరూ వాడుకుంటున్న లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ముక్కను రాసినాయన వెనక్కి తీసుకుంటే ప్రపంచమంతటా వేల బిల్డులు, అంటే కోడ్‌ను యాప్‌గా కట్టే పనులు, ఆగిపోయాయి కదా. ఆయన భయం ఉత్తిది కాదు.

మా సీనియర్ది ఇంకో బాధ. 2016లో యాంగ్యులర్ 2 వచ్చినప్పుడు అది పాతదానికి కొత్త వెర్షన్ అనుకున్నారు. తీరా చూస్తే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సినంత తేడా. ‘పదేళ్లు నిలబడేది చూపించండి, ఎంత పాతగా కనిపించినా సరే’ అన్నాడాయన. నా ఓటు ఆయనకే. తిరగరాసిన ప్రతిసారీ మొత్తం మళ్లీ టెస్ట్ చేసేది నేనే కాబట్టి, ఇందులో నా స్వార్థం కూడా ఉంది.

సపోర్ట్ డెస్క్‌లో చూపు లేని సహోద్యోగి ఒకరున్నారు. స్క్రీన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తారు. బటన్‌ని బటన్‌లా రాయకుండా ఉత్త డబ్బాకు రంగేసి బటన్‌లా చూపిస్తే, అక్కడ నొక్కాలన్న సంగతే ఆయనకు వినపడదు. ఆ మాట రెండు నిమిషాల్లో చెప్పి కూర్చున్నారు. బోర్డు మీద ఎవరూ రాయలేదు.

మూడు గంటలు గడిచినా మండీలో తెల్లవారుజామున ఫోన్ పట్టుకుని వేలం ధరలు కొట్టే గుమాస్తా ఊసే రాలేదు. నాకు గుర్తు రావడానికి కారణం ఉంది. మాది మదనపల్లె పక్క ఊరే. పోయినేడు అక్కడి గుమాస్తా ఒకబ్బాయి నాకే ఫోన్ చేశాడు. ‘అక్కా, మీ యాప్ ఒత్తులు మింగేస్తా ఉంది. శ్రీ లక్ష్మీ బిల్లు పోయి శ్రీ లక్ష్మణ ఖాతాలో పడింది. షావుకారు నన్ను తిడతా ఉన్నాడు’ అని.

చూస్తే, జాబితాలో పేరు పొడవైతే పది అక్షరాల దగ్గర కోసి మూడు చుక్కలు పెట్టమని ఎవరో రాశారు. మనం ‘శ్రీ’ని ఒక అక్షరం అంటాం. కంప్యూటర్‌కు అది నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘శ్రీ లక్ష్మీ’ మన లెక్కకు మూడక్షరాలైతే దాని లెక్కకు మధ్యలో ఖాళీతో కలిపి పన్నెండు. పది దగ్గర కోస్తే మిగిలేది ‘శ్రీ లక్ష్...’. లక్ష్మణకూ సరిగ్గా అంతే మిగులుతుంది. ఆ అబ్బాయికి రెండూ ఒక్కలాగే కనిపించాయి, పై పేరు నొక్కాడు. తిట్లు తిన్నది వాడు, తప్పు మాది. దాన్ని టెస్టింగ్‌లో వదిలేసింది నేను. పేర్లన్నీ ఇంగ్లిష్‌లో కొట్టి ఓకే అనేశాను మరి.

ఇది ఫ్రేమ్‌వర్క్ తప్పు కాదని కుర్రాళ్లు అంటారు, నిజమే. కానీ దానితోపాటు తెచ్చుకునే రెడీమేడ్ బటన్లు, జాబితాలు ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచి కుట్టినవి. ఈసారి చూసిన వాటిలో ఒకదాని బటన్ మీద ‘కొత్త పట్టీ’ అని రాసి చూశాను. త కింద ఒత్తు సగానికి తెగింది. అక్షరాల వరుసకిచ్చే ఎత్తు కాస్త పెంచితే సరిపోతుంది. పెంచాలని తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు తెలుగులో కొట్టి చూడాలి.

మీ పేజీకి నా మనవి ఇదే. ఫ్రేమ్‌వర్కుల గురించి రాసేటప్పుడు జీతాలతోపాటు, దానిలో ఒక తెలుగు పేరు కొట్టి, చవక ఫోన్‌లో, సిగ్నల్ సరిగా లేని చోట తెరిచి చూడమని కూడా పిల్లలకు చెప్పండి. ఇంటర్వ్యూలో నేనైతే అదే అడుగుతాను.

సోమవారం మా మీటింగ్ మళ్లీ ఉంది. ఆ అబ్బాయి వాడే మోడల్ ఫోనే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని టేబుల్ మీద పెడతానన్నాను. యజమాని సరేనన్నారు. బిల్లు సంగతి మాత్రం తరువాత చూద్దామన్నారు.

— ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్, మారతహళ్లి, బెంగళూరు