సముద్రంలో గాలిమర పడిపోదా అన్నావుగా!

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఇంటి కబుర్లన్నీ రెండు ముక్కల్లో తేల్చేసి, చివర్లో "అంత తుపానుకి సముద్రంలో ఆ గాలిమరలు పడిపోవట్రా?" అని పడేశావు. అసలు ఉత్తరం రాసింది దాని కోసమే కదూ!

పడతాయిరా. 2003లో జపాన్‌లోని మియాకో దీవిలో పడ్డాయి, 2024లో యాగి తుపానుకి చైనాలోని హైనాన్‌లో పడ్డాయి. అవి నేలమీదివే అనుకో. మామూలుగా గాలి సెకనుకు 25 మీటర్లు దాటితే మర రెక్కల అంచుల్ని గాలికి తిప్పేసుకుని ఊరుకుంటుంది. చిక్కంతా కరెంటు పోయినప్పుడే. తుపాను కన్ను దాటేసరికి గాలి అటునుంచి ఇటు తిరిగిపోతుంది. కరెంటు లేని మర తల తిప్పుకోలేదు, దెబ్బ పక్కనుంచి తగులుతుంది. అందుకే వేరే బ్యాటరీయో జనరేటరో ఉండాలని నేను మొత్తుకునేది.

"50 ఏళ్ల తుపానుకి కట్టారు" అంటే 50 ఏళ్లకోసారి వస్తుందని నువ్వూ అనుకున్నావు కదూ? ఏ ఏడాదైనా నూటికి రెండు వంతులు వచ్చే వీలుందని దానర్థం. 0.98ని 25 సార్లు గుణించి చూడు, 0.60 వస్తుంది. అంటే 25 ఏళ్ల ఆయుష్షులో అలాంటి గాలిని చూసే అవకాశం నూటికి 40! చూసినంత మాత్రాన కూలదులే, లెక్కకి మించిన బలం ఉండేలా పైన ఇంకా భద్రతా గుణకాలు వేస్తారు. తుపాను ప్రాంతాలకైతే సెకనుకు 50 మీటర్ల బదులు 57 మీటర్ల గాలికి లెక్క కడతారు. ఏడు మీటర్లేగా అనకు, గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి మర మీద పడే భారం 30 శాతం ఎక్కువ.

నన్నడిగితే గాలికన్నా అడుగున ఇసుకే భయం. నిమిషానికి పది చుట్లు తిరిగే మూడు రెక్కల మరలో, చుట్టు ఆరు సెకన్లు, రెక్క రెండేసి సెకన్లకోసారి స్తంభాన్ని దాటుతుంది. స్తంభం ఊగే లయ ఈ రెంటి మధ్యన పడేలా కడతారు. నీటి ప్రవాహం స్తంభం అడుగున ఇసుక కోసేస్తే పట్టు సడలి ఊగుడు నెమ్మదిస్తుంది, అలల లయకి దగ్గరవుతుంది. ఇక చిన్న అలలే రోజూ ఉక్కుని అలిసిపోయేలా చేస్తాయి. పైకి ఏమీ కనపడదు! అందుకే చుట్టూ బండరాళ్లు పోస్తారు.

మరి భూకంపం వస్తేనో అంటావా? 2011లో జపాన్‌లో కమిసు తీరాన నీళ్లలో ఉన్న మరలు సునామీని కూడా తట్టుకుని నిలిచాయి. గొలుసులతో కట్టి తేలేసే మరల సంగతి నువ్వు జవాబు రాస్తేనే చెప్తా. ఈసారైనా ఇంట్లోవాళ్ల సంగతులు సరిగ్గా రాయి.

నీ
పాత మిత్రుడు