అలెగ్జాండర్ ఊళ్లలో ఉన్నదెవరో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం పేజీలో అలెగ్జాండర్ మీద వేసిన వ్యాసం ఆసక్తిగా చదివానండి, కానీ ఆయన తూర్పు దేశాల్లో ఊళ్లు కట్టించి అక్కడివాళ్లకి నాగరికత నేర్పాడు అన్న మాట దగ్గర మాత్రం మనసు ఒప్పుకోలేదు, అందుకే రాస్తున్నా.

ఇప్పటి తజికిస్తాన్‌లోని ఖుజంద్ దగ్గర క్రీ.పూ. 329లో ఆయన పెట్టిన ఊరినే తీసుకోండి. గోడ 20 రోజుల్లో లేపారు. అందులో ఉంచింది ఎవరిని అంటే కూలికి పోరాడే గ్రీకు సైనికుల్ని, ఇక యుద్ధానికి పనికిరారనుకున్న మాసిడోనియా వాళ్లని, చుట్టుపక్కల జనాన్ని. అదే రోజుల్లో పక్కనే తిరగబడ్డ ఊళ్లలో మగవాళ్లని చంపేసి ఆడవాళ్లని, పిల్లల్ని పట్టుకుపోయారు, ఇది వదిలేసి గోడ గురించే చెప్తే ఎలాగండి? ఇలా తూర్పు ఊళ్లలో తెచ్చి ఉంచిన గ్రీకులైనా సంతోషంగా ఉన్నారా అంటే అదీ లేదు. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ పోయాడని తెలియగానే 20,000 మంది కాల్బలం, 3,000 మంది గుర్రపు సైనికులు మా ఊరికి మేం పోతాం అని బయల్దేరారు. పైథాన్ అనే సేనాపతిని పంపి ఆపించారు, లొంగిపోయాక కూడా వాళ్లని చంపేశారు. ఇది చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

తర్వాతి కాలంలో ఆఫ్ఘనిస్తాన్‌లో అముదర్యా, కోక్చా నదులు కలిసేచోట పెరిగిన ఊరిని ఇప్పుడు ఐ ఖానుమ్ అంటారు, ఫ్రెంచ్ వాళ్లు 1978 దాకా తవ్వారు. థియేటరు, వ్యాయామశాల అన్నీ గ్రీకు పద్ధతే, కానీ పెద్ద గుడి ప్లాను గ్రీకుది కాదు, కట్టింది ఎక్కువగా అక్కడి పచ్చి ఇటుకలతో, ఖజానా కుండల మీద గ్రీకు అక్షరాల్లో ఇరానీ పేర్లున్నాయి. వాసుదేవుడు, బలరాముడి బొమ్మలున్న, అగాథొక్లీస్ అనే గ్రీకు రాజు వేయించిన నాణేలు కూడా అక్కడే దొరికాయి. ఇక కాలవలు తవ్వి సాగు చేయడం అక్కడివాళ్లకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, దగ్గర్లోని షోర్తుగాయ్‌లో వెయ్యేళ్లకి పైగా ముందే హరప్పా వాళ్లు కాలవలు తవ్వుకుని పంట పండించారు.

మా కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు బ్రాహ్మిలో ఉన్నాయి కదా, అదే అశోకుడు కాందహార్‌లో గ్రీకులో చెక్కించాడు, అంటే అక్కడ గ్రీకు చదివే జనం అప్పటికే స్థిరపడి ఉన్నారన్నమాట. ఈ రెండూ పక్కపక్కన ఫొటోలతో వేస్తే మా పిల్లలకి ఎంత బాగా ఎక్కుతుందో. ఐ ఖానుమ్‌ని యుద్ధాల టైంలో దొంగలు గుంతలు గుంతలుగా తవ్వేశారు, అందుకని మిగిలిన ఆధారాలతోనే ఒక వ్యాసం వేయండి, ఈసారి ఇటుకలు మోసినవాళ్లని కూడా కలిపి.

ఇట్లు,
ఒక పాఠకుడు, పత్తికొండ