రక్తపోటు నలభై ఏళ్ల దాకా ఆగదు

సంపాదకులకు నమస్కారం.

నలభై ఏళ్లు దాటిన కార్మికులకు యాజమాన్యమే ఏటా ఉచితంగా వైద్య పరీక్షలు చేయించాలన్న నిబంధన 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాలలో (కార్మిక కోడ్‌లలో) ఉంది. సంతోషమే. కానీ గుంటూరు జిల్లాలోని ఒక నూలు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేస్తున్న నాకు, రక్తపోటు విషయంలో ఆ నలభై మరీ ఆలస్యమనిపిస్తోంది. పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు దంతవైద్యుడు చూసి 160/100 ఉందని చెప్పేదాకా నాకు బీపీ ఉన్నట్టే తెలియదు. అప్పటికి నా వయసు 36. తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు.

ఆ తర్వాత ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఉప్పు గురించీ సిగరెట్ గురించీ అడిగారు గానీ, ఏ షిఫ్టులో పనిచేస్తారని ఒక్కరూ అడగలేదు. ఉప్పు మాట నిజమే. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, మా క్యాంటీన్ భోజనంలో పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయలతోనే అందులో చాలా భాగం కడుపులోకి పోతుంది. అయితే నిద్రపోయేటప్పుడు సహజంగా తగ్గవలసిన రక్తపోటు, వారానికోసారి షిఫ్టు మారుతూ, రాత్రంతా నూలు వడికే రింగ్ ఫ్రేముల హోరులో నిలబడి, పగలు రేకుల ఇంట్లో నాలుగు గంటలు కునుకు తీసే మనిషికి ఎప్పుడు తగ్గాలి? ఓవర్‌టైమ్ కోసం వరసగా రెండు షిఫ్టులు చేసేవారి సంగతి చెప్పనక్కర్లేదు.

ముప్పై దాటిన వారందరికీ రక్తపోటు చూసే కార్యక్రమం ప్రభుత్వానికి ఇప్పటికే ఉంది. కాకపోతే ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చే వేళకు మేము మిల్లులో ఉంటాం, లేదా నిద్రలో ఉంటాం. ఇక మిల్లులో పెట్టిన వైద్య శిబిరంలో నేను చూసిందేమిటంటే, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన వాళ్లను, చేతిలో టీ గ్లాసు ఉండగానే, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి నిమిషానికొకరి చొప్పున పంపించేశారు. టీ తాగాక అరగంట ఆగి, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, ఒట్టి చేతికి పట్టీ చుట్టి చూడాలన్నది తెలిసిన విషయమే. అలా చూడని అంకె కొందరిని ఊరికే భయపెడుతుంది, కొందరిని మాత్రల దాకా పోనివ్వదు. మా తోటి కార్మికుడొకరు శిబిరంలో అంకె బాగుందన్నారని, నిజానికి అది మాత్ర వల్లే తగ్గిందని తెలియక, వాడుతున్న మందు మానేశాడు.

కార్మిక శాఖ ఈ పరీక్ష వయసును ముప్పైకి తగ్గించాలి. యాభై మంది దాటి పనిచేసే ప్రతి చోటా ప్రథమ చికిత్స గదిలో ఒక బీపీ యంత్రం, దాన్ని సరిగా వాడగలిగిన మనిషీ, షిఫ్టు మొదలయ్యే ముందు కూర్చోవడానికి అయిదు నిమిషాల వ్యవధీ ఉండేలా చూడాలి.

– ఒక షిఫ్టు సూపర్‌వైజరు, గుంటూరు జిల్లా