కోరంగి ఉండగా పగడాలెందుకు?

సంపాదకులకు,

లేసు అల్లకంలో సముద్రం గోడు చూపించాలనుకున్నవాళ్లు చాలామంది పగడపు దిబ్బలే అల్లుతున్నారు. 2005లో లాస్ ఏంజెలెస్‌లో క్రోషా అల్లకంతో పగడపు దిబ్బ మొదలుపెట్టిన వర్థీమ్ కవల అక్కచెల్లెళ్లు పెరిగింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో. గ్రేట్ బారియర్ రీఫ్ వాళ్ల తీరం. మన గోదావరి తెచ్చే ఒండ్రుకీ మంచినీళ్లకీ పగడం బతకదు. మనకున్నది కోరంగి మడ అడవి. అదే అల్లుదాం.

మడ ఊపిరివేళ్లు, అంటే గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లు, అల్లడం తేలిక. 8 కుట్ల చుట్టు వేసి, పెంచకుండా 15 వరసలు పైకి అల్లి, కొనలో తగ్గించాలి. లోపల దారపు తుక్కు కూరి కొబ్బరి ఈనె దూర్చితే నిలబడుతుంది. అందరూ తప్పేది అమరికలో. మొక్క చుట్టూ చల్లినట్టు గుచ్చేస్తారు. బురద కింద మానునుంచి పాకిపోయే అడ్డవేరు మీద అవి వరసగా లేస్తాయి. ముందు ఆ వేరు అల్లి, దానిమీద కుట్టాలి.

వేళ్లకి పట్టిన ఆల్చిప్పల అంచుకి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితజ్ఞురాలు డైనా తైమీనా 1997లో క్రోషాతో చూపిన లెక్క పనికొస్తుంది. 20 గొలుసులతో మొదలుపెట్టి ప్రతి 3 కుట్లకీ ఒకటి పెంచితే 8 వరసల్లో దాదాపు 200 అవుతాయి, అంచు దానంతటదే అలలు తిరుగుతుంది. తొందరపడి ప్రతి కుట్టులోనూ పెంచితే 5 వరసలకే 640; కాలీఫ్లవర్ ముద్దలా బిగుసుకుపోతుంది.

మన చెయ్యి లేసులో కన్నాలు వదిలే పనికి అలవాటుపడి వదులుగా పోతుంది, అల్లిన అంచు వాలిపోతుంది. గంజి పెడదామంటే వానాకాలం చెమ్మకి మెత్తబడుతుంది, బొద్దింకలు కొరుకుతాయి. రెండు పోగులు కలిపి, ఒక సైజు చిన్న సూదితో బిగించి అల్లడమే మేలు.

చిరిగిన నైలాన్ వల వాడాలనుకుంటే మంచినీళ్లు మార్చి మార్చి నానబెట్టాలి, లేదంటే ఉప్పూ నీచువాసనా పోవు. ముడులకి సూది తగులుకుంటుంది గనక ముడుల మధ్య పోగే కోసుకోవాలి. కింద గుడ్డ పరిచి కోస్తే ముక్కలు కాలవలోకి పోవు. సముద్రం కోసమని చెబుతూ ఆ ముక్కల్నే మళ్లీ నీళ్లలో కలిపితే ఎలా?

ఇక కూలి. ఇలాంటి పనికి పీసు లెక్క కుదరదు. ఇలా పెంచుకుంటూ పోయే అల్లకంలో ప్రతి వరసలోనూ ముందు వరసకంటే ఎక్కువ కుట్లు పడతాయి. వాడిన దారం తూకాన్నిబట్టి కూలి ఇవ్వాలి, ముక్కలు అతికి కుట్టే పనికి వేరే కట్టాలి.

– కొందరు లేసు పనివారు, నరసాపురం